అందరూ త్రాగగలిగిన పానీయం

సంక్రాంతి సెలవులు వచ్చాయంటే మన ఊళ్ళలో పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాలు మొదలవుతాయి. ఒకే బడిలో చదివినవారు, ఒకే వీధిలో పెరిగినవారు ఏడాదికొకసారి కలుసుకోవటం మంచి సంప్రదాయం. అలాంటి కలయికలలో ఏం వండించాలన్నది పది నిమిషాలలో తేలిపోతుంది. త్రాగటానికి ఏం తేవాలన్న దగ్గరే మాట తెగదు. చూడటానికి ఇది చిన్న విషయమే. కాని ఆ రోజు ఆ పంక్తిలో ఎవరు కూర్చోగలరు, ఎవరు కూర్చోలేరు అన్నది దానిమీదే ఆధారపడి ఉంటుంది.

మేము ఏడవ తరగతి వరకు కడప జిల్లాలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో చదివి, ఆపైన ధార్మిక విద్య కోసం మదరసాకు వెళ్ళాము. అయినా నాటి మిత్రులు మమ్మల్ని మరువలేదు. వారిలో హిందువులున్నారు, క్రైస్తవులున్నారు, ముస్లింలున్నారు. ఏటా జనవరిలో భార్యాపిల్లలతో సహా నలభై మంది దాకా ఒక మామిడి తోటలో కలుసుకుంటారు. క్రిందటిసారి ఏర్పాట్లు మాట్లాడుకుంటున్నప్పుడు ఒక మిత్రుడు అన్నాడు: “ఒరే మౌల్వీ, నీకూ పిల్లలకూ కూల్‌డ్రింకులు వేరే తెప్పిస్తాంలే. మేం నలుగురం చెట్ల వెనక వేరే కూర్చుంటాం. అదీ బీరే కదా, సారా ఏం కాదు!”

ఆ మాటలో దురుద్దేశం లేదు. మా పట్ల మర్యాదతోనే అన్నాడు. కాని ఇటువంటి ప్రతిపాదనే మన సోదరులలో చాలామందికి ఎదురవుతుంది. చాలామంది మొహమాటంతో “సరే, మీ ఇష్టం” అంటారు. అందుకే దీనిని వివరంగా పరిశీలించవలసి ఉంది.

మద్య నిషేధ ఆజ్ఞ మదీనాలో అవతరించిన నాటి సంఘటన మనకు హదీసు గ్రంథాలలో లభిస్తుంది. అది కూడా మిత్రుల కలయికే! అబూ తల్హా (రజి) ఇంట్లో కొందరు సహచరులు కూర్చుని ఉన్నారు. యువకుడైన అనస్ (రజి) వారికి ఖర్జూరాలతో చేసిన మత్తు పానీయం అందిస్తున్నారు. అంతలో వీధిలో ప్రకటన వినిపించింది: మద్యం నిషేధించబడింది. ‘చేతిలో ఉన్నది పూర్తిచేద్దాం’ అని ఎవరూ అనలేదు. పారబోయమని అబూ తల్హా (రజి) ఆదేశించారు. ఆ రోజు మదీనా వీధుల్లో మద్యం పారింది. (బుఖారీ, ముస్లిం)

ఇందులో గమనించవలసిన అంశం ఒకటుంది. ఆనాడు మదీనాలో ఎక్కువగా వాడుకలో ఉన్నది ద్రాక్ష సారాయి కాదు, ఖర్జూర పానీయమే. అయినా ‘ఇది వేరు’ అని ఎవరూ వాదించలేదు. తరువాతి కాలంలో హజ్రత్ ఉమర్ (రజి) మింబరుపై నిలబడి, మద్యం ద్రాక్ష, ఖర్జూరం, తేనె, గోధుమ, యవలు అనే ఐదింటితో తయారవుతుందని, బుద్ధిని కప్పివేసేదంతా మద్యమేనని స్పష్టం చేశారు. యవలంటే బార్లీ. నేటి బీరు తయారయ్యేది ప్రధానంగా దానితోనే. కనుక ‘బీరే కదా’ అన్న మాటకు పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే సమాధానం వచ్చేసింది. ‘కొంచెమే కదా’ అన్న మాటకూ అంతే. ఎక్కువ త్రాగితే మత్తెక్కించేది కొంచెమైనా నిషిద్ధమేనని దైవప్రవక్త (స) బోధించారు. (అబూ దావూద్, తిర్మిజీ)

ఇక వేరే పంక్తి సంగతి. అల్లాహ్‌నూ, అంతిమ దినాన్నీ విశ్వసించేవారు మద్యం అందించబడే పంక్తిలో కూర్చోరాదని ప్రవక్త (స) ఉపదేశించారు. (తిర్మిజీ) ఈ ఆజ్ఞ విశ్వాసులది. అన్యమత సోదరులపై దానిని రుద్దే అధికారం మనకు లేదు. వారిని కించపరచటం అంతకన్నా తగదు. అయితే మన ఉద్దేశ్యాన్ని ముందుగానే, సౌమ్యంగా, దాపరికం లేకుండా చెప్పటం మన బాధ్యత. తోటకు వెళ్ళిన తరువాత ముఖం చిట్లించుకుని లేచి రావటం కన్నా, పది రోజుల ముందు ఒక ఫోను చేయటం మేలు.

మేము అదే చేశాము. “నాయనా, మీ నలుగురి మీద మాకు కోపం లేదు. కాని చెట్ల వెనక సీసాలుంటే చెట్ల ముందు మేము కూర్చోలేము. మీ పిల్లలు కూడా అక్కడే ఆడుకుంటూ ఉంటారు, ఆలోచించండి” అన్నాము.

మరునాడు మరో మిత్రుడు ఫోను చేశాడు. అతను హిందూ సోదరుడు, లారీ నడుపుతాడు. “మౌల్వీ, నేను మందు మానేసి రెండేళ్ళయింది. వస్తే మళ్ళీ గ్లాసు పట్టుకుంటానేమోనన్న భయంతో రెండేళ్ళుగా ఏదో ఒక సాకు చెప్పి రావటం లేదు. నువ్వు చెప్పిన మాట నేను చెప్పలేకపోయాను” అన్నాడు. పానీయం వల్ల ఒక మిత్రుడు రెండేళ్ళు దూరమయ్యాడు. ఆ సంగతి ఎవరికీ తెలియనే లేదు! మద్యం, జూదాల ద్వారా షైతాను మనుషుల మధ్య వైరాన్ని, ద్వేషాన్ని రేపదలుస్తాడని దివ్య ఖుర్ఆన్ (5:91) హెచ్చరించింది. గొడవ జరిగితేనే విరోధం అనుకోనక్కరలేదు. ఒక మనిషి రాకుండా ఉండిపోవటం కూడా ఎడబాటే.

చివరకు సీసాలు వద్దనే నిర్ణయమైంది. ఒకరు అలిగి రాలేదు. లారీ మిత్రుడు మాత్రం వచ్చాడు.

మరి ఏం తేవాలి? యాభై దాటిన మా మిత్రులలో మధుమేహం ఉన్నవారు తక్కువేం కాదు. 300 మిల్లీలీటర్ల కోలా సీసాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. ధర్మసమ్మతమైనదంతా ఆరోగ్యకరం అనుకోరాదు. అందుకే మజ్జిగను ముందు వరుసలో పెట్టాము. ఐదు లీటర్ల పెరుగు, పన్నెండు లీటర్ల నీళ్ళు, అల్లం, కరివేపాకు, ఉప్పు ఉంటే నలభై మందికి తలా రెండు గ్లాసులు వస్తాయి. పిల్లలకు రాయలసీమ వారికి ప్రియమైన నన్నారి షర్బత్, అందులో నిమ్మరసం, సబ్జా గింజలు. కొబ్బరి బోండాలు తోట దగ్గరే దొరికాయి. కాచి వడకట్టిన మంచినీళ్ళు ఇంటి నుండే తీసుకెళ్ళాము.

ఖర్జూరాలు నానబెట్టిన నీరు ‘నబీజ్’ దైవప్రవక్త (స) సేవించిన పానీయమే. అయితే ఉదయం నానబెట్టినది సాయంత్రం, రాత్రి నానబెట్టినది ఉదయం ఆయన సేవించేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. (ముస్లిం) మన ఎండలకు అది త్వరగా పులుస్తుంది. నురుగు వచ్చి మత్తు గుణం పుట్టిందంటే ఇక నిషిద్ధమే. తాటి, ఈత నీరాకూ ఇదే సూత్రం. తెల్లవారి దించిన తియ్యని నీరా వేరు, గంటలు గడిచి పులిసి కల్లుగా మారినది వేరు. కనుక ‘నీరాయే’ అని ఎవరైనా తెస్తే ఎప్పుడు దించారో అడగటంలో తప్పు లేదు.

పానీయం ఏదన్నది ఎంత ముఖ్యమో, దానిని అందించే తీరు కూడా అంతే ముఖ్యం. కుడి వైపు నుండి అందించాలి. ఒకసారి ప్రవక్త (స) కుడి పక్కన ఒక పల్లెవాసి, ఎడమ పక్కన హజ్రత్ అబూబక్ర్ (రజి) ఉండగా, పాలగిన్నెను ఆయన ముందుగా ఆ పల్లెవాసికే ఇచ్చారు. (బుఖారీ) హోదాను బట్టి గ్లాసు అందించే మన అలవాటుకు ఇదొక పాఠం. కూర్చుని, మూడు గుక్కలుగా త్రాగాలి. పాత్రలోకి ఊదరాదు. అందరికీ అందించేవాడు చివరన త్రాగాలి. (ముస్లిం) ఆ రోజు మజ్జిగ కడవ దగ్గర నిలబడి అందరికీ పోసి, చివరి గ్లాసు తాను త్రాగినవాడు ఆ లారీ మిత్రుడే.

సోదర సోదరీమణులారా! ఈసారి మీ మిత్రులు, బంధువులు కలుసుకునేటప్పుడు పానీయాల జాబితా వ్రాసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ‘దీనివల్ల రాలేకపోయేవారు ఎవరైనా ఉన్నారా?’ అలాంటివారు నోరు తెరిచి చెప్పరు. వారి తరఫున మనమే మాట్లాడాలి. మన కలయికలను అల్లాహ్ ప్రేమాభిమానాలతో నింపి, మన పంక్తులను పరిశుద్ధంగా ఉంచుగాక! ఆమీన్.