పూర్ణకుంభం ఇచ్చింది ఎవరు?

విజయవాడ ఇంద్రకీలాద్రి మీదికి మంత్రి వస్తే అర్చకులు పూర్ణకుంభంతో ఎదురెళతారు. దసరాల్లో మూలా నక్షత్రం రోజున ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు తెచ్చినా అదే స్వాగతం. కుంభం అర్చకుడి చేతిలో, అధికారం దానికి ఎదురుగా. ఈ ఏర్పాటు అనాదిగా ఉందనే మనలో చాలామంది నమ్ముతున్నాం. కృష్ణా ఒడ్డున దొరికిన రాళ్లు వేరే సంగతి చెబుతున్నాయి.

జగ్గయ్యపేట స్తూపం నుంచి చెన్నై మ్యూజియం చేరిన చక్రవర్తి ఫలకం ఫొటో చరిత్ర విద్యార్థులు చూసే ఉంటారు. రాజు చెయ్యెత్తితే మేఘాల నుంచి చదరపు నాణేలు రాలుతుంటాయి. చుట్టూ రాణి, యువరాజు, మంత్రి, ఏనుగు, గుర్రం, చక్రం, మణి. సంపద అంతా రాజు ధర్మం వల్లే కురుస్తుందని ఆ బొమ్మ చెబుతుంది.

స్తూపాలకు రాళ్లు ఇచ్చినవాళ్ల లెక్క మాత్రం అలా లేదు. నాటి ధాన్యకటకం, నేటి అమరావతి మహాచైత్యం ఫలకాల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో దాతల పేర్లు చెక్కారు. గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు వాటిలో కనిపిస్తారు. క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి ఒక శాసనంలో విధికుడు అనే చర్మకారుడు ఉన్నాడు. ఆయన ఇచ్చింది పూర్ణఘటం చెక్కిన ఫలకం. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు అందరితో కలిసి ఈ దానం చేశాడు. కొడుకు పేరూ నాగుడే. మన ఇళ్లలో లాగే తాత పేరు పెట్టుకున్నారన్నమాట.

తోలు పని చేసే మనిషి, చదువు చెప్పే తండ్రికి కొడుకు. తర్వాత వచ్చిన కులనీతిలో ఈ రెండూ ఒక ఇంట్లో ఇమడవు.

ఒక్క శాసనం చూపి ఆనాడు సమానత్వం ఉండేదని మేము అనం. అయితే వృత్తి పేరు దాచుకోవాలన్న బెదురు దాతకు లేదు. ఆ పేరుతోనే రాయిని పవిత్ర స్థలంలో నిలిపారు. అంటరానితనం సుమారు క్రీ.శ. 400 ప్రాంతంలో పుట్టిందని అంబేడ్కర్ 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్'లో వాదించారు. విధికుడి రాయి అంతకు ముందుది. ఆ వాదన చదివేవాళ్లు దీన్నీ పక్కన పెట్టుకుని చూడాలి.

2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతి శిల్పకళ ఆధారంగా రాజచిహ్నాన్ని ఖరారు చేసింది. దాని నడుమ ఉన్నది పూర్ణఘటమే. తహసీల్దారు ఆఫీసు నుంచి మనం తెచ్చుకునే కుల ధ్రువపత్రం మీద ఉండే బొమ్మ కూడా అదే.