ఒకే మనిషికి రెండు ఓపీ చీట్లు

తాగుడు వేరు, మనోవ్యాధి వేరు అని పుస్తకంలో విడదీయొచ్చు గానీ మనిషిలో విడదీయడం కష్టం. పొన్నూరు చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా ఇలాంటివాడొకడు ఉంటాడు: రాత్రిళ్లు నిద్ర ఉండదు, ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నట్టు వినిపిస్తుంది, ఆ మాటలు ఆగాలని తాగుతాడు, తాగాక అవి ఇంకా పెరుగుతాయి. డీఅడిక్షన్ సెంటర్‌కి తీసుకెళితే ‘ముందు మానసిక డాక్టరుకు చూపించండి’ అంటారు. ఆ డాక్టరు దగ్గరికి వెళితే ‘ముందు తాగుడు మానిపించి తీసుకురండి’ అంటారు. దేనికది సబబైన మాటే. రెండూ కలిసేసరికి రోగికి వైద్యమే లేకుండా పోతోంది. ఈ రెండు జబ్బులకూ ఒకే చోట, ఒకేసారి, ఒకే బృందం వైద్యం చేయడం తప్ప దారి లేదు.

ఇలాంటివాళ్లు అరుదేమీ కాదు. అమెరికాలో 20 వేల మందికి పైగా జనాన్ని పరిశీలించి 1990లో ప్రచురించిన సర్వేలో, మద్యం సమస్య ఉన్నవారిలో 37 శాతం మందికి ఏదో ఒక మానసిక వ్యాధి కూడా ఉన్నట్టు తేలింది. స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో దాదాపు సగం మంది మద్యంతోనో మత్తుపదార్థాలతోనో సతమతమవుతున్నవారే. మన దేశంలో ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో విడుదలైన సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మద్యం సమస్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌నూ అదే నివేదిక చేర్చింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది: మద్యం, మత్తుమందులతో ముడిపడిన మానసిక స్థితులు కూడా మానసిక వ్యాధి కిందికే వస్తాయి. అయినా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆరోగ్య శాఖది, స్వచ్ఛంద సంస్థలు నడిపే డీఅడిక్షన్ కేంద్రాలకు నిధులు సామాజిక న్యాయ శాఖవి. చివరికి ఫోన్ నంబర్లూ రెండు: మనసు బాగోలేకపోతే 14416, తాగుడు మానాలంటే 14446. రెండు బాధలూ ఉన్నవాడు ఏది నొక్కాలో ఎవరూ చెప్పరు.

రెండింటికీ ఒకేసారి వైద్యం అన్నదానికి గట్టి అభ్యంతరం వైద్యశాస్త్రం నుంచే వస్తుంది. కుంగుబాటును పుట్టించేదే తాగుడు, అది ఆగితే ఇదీ పోతుంది, మధ్యలో మాత్రలెందుకు అని. బ్రౌన్, షుకిట్ అనే పరిశోధకులు 1988లో దీన్ని లెక్కలతో చూపించారు. ఆసుపత్రిలో చేరిన రోజుల్లో 42 శాతం మందిలో కనిపించిన తీవ్ర కుంగుబాటు, తాగకుండా నాలుగు వారాలు గడిచాక 6 శాతం మందిలోనే మిగిలింది. కొట్టిపారేయలేని సాక్ష్యమిది. అయితే ఆ నాలుగు వారాలూ వాళ్లు డాక్టర్ల కళ్లెదుటే ఉన్నారు కాబట్టే, ఎవరిది పోయిందో ఎవరిది మిగిలిందో తెలిసింది. ‘మానిపించి తీసుకురండి’ అని ఇంటికి పంపితే ఆ తేడా కనిపెట్టేదెవరు? పైగా ఏళ్ల తరబడి తాగినవాడు ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణకడంతో సరిపోదు. ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించవచ్చు, ప్రాణాలే పోవచ్చు. దిక్కుతోచని ఇల్లాలు ఎవరో చెప్పారని కూరలో చాటుగా కలిపే, తాగుడు మాన్పించే మాత్ర ఇంకో ప్రమాదం. అది డైసల్ఫిరామ్ అయితే, సంగతి తెలియక తాగినవాడికి ప్రాణం మీదికి వస్తుంది. అసలే భ్రమలున్నవాడికి అవి ముదిరే ముప్పూ ఉంది. ఆమెను తప్పుపట్టడం తేలిక. ఆమెకు మనం ఇచ్చిన దారి ఇంకేముంది?

మద్యమే దొరక్కుండా చేస్తే సరి అనేవారికి మన చరిత్రలోనే జవాబుంది. దూబగుంట ఆడవాళ్లు 1992లో సారాపై తిరగబడ్డారు. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, రెండేళ్లకే సడలింది. ఆ పోరాటం న్యాయమైనదే, కాకపోతే అది గుక్క పడకపోతే బతకలేని స్థితికి చేరినవాడికి వైద్యం కాదు. 2020 జులై ఆఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో, లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు మూతపడి ఉండగా, శానిటైజర్ తాగి కనీసం పదిమంది చనిపోయారు.

ఇంతమందికి మానసిక వైద్యులెక్కడున్నారన్న ప్రశ్న మిగిలింది. గోవాలో సంగత్ సంస్థ, వైద్యం చదవని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో అతిగా తాగే మగవాళ్లతో కొన్ని విడతలు మాట్లాడించింది. మూడు నెలలకు 36 శాతం మంది ప్రమాదకరమైన తాగుడు నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో అది 26 శాతం. ఈ ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. కుంగుబాటు మీదా ఇదే పద్ధతి పనిచేసింది. తేడా అద్భుతమేమీ కాదు, స్కిజోఫ్రీనియాకు ఇది చాలదు కూడా. కానీ డాక్టరు చూడక తప్పనివాళ్లను విడదీయడానికీ, మిగతావాళ్లను వదిలేయకుండా పట్టుకోవడానికీ సరిపోతుంది. పొన్నూరు ప్రభుత్వాసుపత్రిలో వారానికొకరోజు గుంటూరు నుంచి మానసిక వైద్యుడు, తక్కిన రోజుల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్ కూర్చోవడం పెద్ద ఖర్చేమీ కాదు. తాగి వచ్చాడని వెనక్కి పంపకూడదు. చీటీ ఒకటే, కేసు షీటూ ఒకటే ఉండాలి. అందులో తాగిన రోజులూ, మాత్ర వేసుకోని రోజులూ, నిద్ర పట్టని రాత్రులూ పక్కపక్కన రాస్తూ పోతే, ఏది దేన్ని లాక్కొస్తోందో కొన్ని నెలల్లో డాక్టరుకే కాదు, ఆ ఇల్లాలికీ అర్థమవుతుంది.