కోడ్‌లో రాసిన గుత్త చెల్లుతుందా?

ఒప్పందంలోని షరతును ప్రోగ్రాముగా రాసి, అది నెరవేరగానే సొమ్ము దానంతటదే చేతులు మారేలా బ్లాక్‌చైన్ అనే ఉమ్మడి డిజిటల్ ఖాతా మీద పెడితే దాన్ని స్మార్ట్ కాంట్రాక్ట్ అంటారు. షరతునే ప్రోగ్రాముగా రాయాలన్న ఆలోచనను బ్లాక్‌చైన్ రాకముందే, 1990లలో, నిక్ సాబో అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ముందుకు తెచ్చాడు. ఇలాంటి కోడ్‌కు చట్టబద్ధత ఎంత అన్నది కర్ణాటకలోని పావగడ తాలూకాలో ఒక మామూలు గుత్త షరతుతో తేలిగ్గా పరీక్షించవచ్చు.

క్యాతగానచెర్లు, తిరుమణి సహా ఐదు గ్రామాల్లో సౌర విద్యుత్ పార్కు కోసం సుమారు 13,000 ఎకరాలను రైతుల దగ్గర కొనలేదు, గుత్తకు తీసుకున్నారు. ఎకరాకు ఏటా 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. కోడ్‌గా రాయడానికి ఇంతకన్నా అనువైన షరతు దొరకదు. అయినా ఇందులోనూ ఒక మెలిక ఉంది. మొదటి పెంపుతో 22,050 అవుతుంది. రెండో పెంపును మొదటి ధర మీద లెక్కిస్తే 23,100, పెరిగిన ధర మీద లెక్కిస్తే 23,152 రూపాయల 50 పైసలు. మాటల్లో ఈ తేడా మరుగున పడవచ్చు. కోడ్ మాత్రం రెండిట్లో ఒకదాన్ని ఎంచుకుని తీరాలి. ప్రోగ్రామర్ ఒకటి ఎంచుకుని, రైతు రెండోది అనుకుని ఉంటే ఏది చెల్లాలి?

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఇరుపక్షాలూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే అది సమ్మతి. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం 10ఎ సెక్షన్ చెబుతుంది. అంటే కోడ్‌ను ఒప్పందంగా గుర్తించడానికి అడ్డేమీ లేదు. కోడ్‌దే చివరి మాట అనడానికే ఆధారం లేదు. పైగా ఏడాది మించిన భూమి గుత్తకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

కోడే చట్టమన్న వాదం 2016లో గట్టి దెబ్బ తింది. ఇథీరియం అనే బ్లాక్‌చైన్ మీద నడిచిన ‘ది డావో’ పెట్టుబడి నిధి నియమాల్లో కోడ్‌దే పైచేయి అని రాసుకున్నారు. జూన్‌లో ఒకరు అందులోని లోపాన్ని వాడుకుని ఆ బ్లాక్‌చైన్ నాణేలైన ఈథర్‌ను సుమారు 36 లక్షలు మళ్లించగా, జూలైలో ఇథీరియం వర్గంలో అధికులు బ్లాక్‌చైన్‌నే చీల్చి సొమ్ము వెనక్కి తెచ్చారు. సొమ్ము తమదైతే కోడ్ మాట ఎంతవరకు చెల్లుతుందో అప్పుడే తేలింది.

న్యాయస్థానాలు ఇంత దూరం పోలేదు. క్వాయిన్, బి2సి2 అనే క్రిప్టోకరెన్సీ సంస్థల వివాదంలో ప్రోగ్రాములు తమంతట తామే మార్కెట్ ధరకు దాదాపు 250 రెట్ల ధరతో లావాదేవీలు చేశాయి. 2020లో సింగపూర్ అప్పీలు కోర్టు ప్రోగ్రామర్‌కు ఏం తెలుసు, ఏ ఉద్దేశంతో రాశాడు అని చూసి, లావాదేవీలు పొరపాటున జరిగాయన్న క్వాయిన్ వాదనను తోసిపుచ్చింది. కోడ్ వెనక మనిషినే విచారించిందన్నమాట.

మళ్లీ గుత్త సంగతికి వస్తే, గుత్తదారుకు భూమి ఇచ్చిన రైతు చనిపోవడం, అన్నదమ్ములు పాళ్లు పంచుకోవడం, కోర్టు స్టే ఇవ్వడం వంటివి ఎవరో ఒకరు నమోదు చేస్తే తప్ప కోడ్‌కు తెలియవు. కాబట్టి చెల్లింపు షరతును మాత్రం కోడ్‌కు అప్పగించి, మిగతాది రైతు చదవగల భాషలో రిజిస్టరు పత్రంగా ఉంచడం మేలు. రెండూ విభేదిస్తే ఏది చెల్లుతుందో, చెల్లింపును ఎవరు ఆపవచ్చో ఆ పత్రంలోనే రాసుకోవాలి.