వాసల్ గారి భవంతి, టోనీ పెట్టుకున్న అర్జీ

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, కేంబ్రిడ్జి పట్టణం బ్రాటిల్ వీధిలో పసుపు రంగు చెక్క భవంతి ఒకటుంది. 1775 జూలై నుంచి 1776 ఏప్రిల్ వరకు జార్జి వాషింగ్టన్ సేనానిగా అందులో మకాం చేశారు. తర్వాతి కాలంలో కవి లాంగ్‌ఫెలో కాపురమున్నారు. అందరికీ తెలిసినవి ఈ రెండు పేర్లే.

1759లో ఆ ఇల్లు కట్టించినవాడు జాన్ వాసల్. జమైకా చెరకు తోటల్లో బానిసల చెమట మీద వచ్చిన సొమ్ము అది. ఆయన ఇంగ్లండు రాజు పక్షం. 1774 సెప్టెంబరులో రాజు అధికారుల మీద ఆగ్రహంతో వేలమంది కేంబ్రిడ్జిలో గుమిగూడారు. వాసల్ కుటుంబంతో బోస్టన్‌కు, చివరకు ఇంగ్లండుకు వెళ్ళిపోయాడు. ప్రభుత్వం ఆస్తిని జప్తు చేసింది.

యజమాని పోయాడు, బానిసలు మిగిలారు. క్యూబా అనే స్త్రీ వాసల్ ఇంటి బానిస. ఆమె భర్త టోనీ, ఎదుటి ఇంట్లో వాసల్ పినతండ్రి భార్య దగ్గర గుర్రపు బండి తోలేవాడు. ఆ దంపతులు ఆ ఎస్టేటులోనే కొద్దిపాటి నేల సాగుచేసుకుని బతికారు. 1781లో ఎస్టేటు అమ్మకానికి వచ్చేసరికి ఆ నేలా పోయే పరిస్థితి. అప్పుడు టోనీ శాసనసభకు అర్జీ పెట్టుకున్నాడు: స్వాతంత్ర్యం వచ్చిన దేశంలోనే ఉంటున్నా తాను, తన భార్య దాదాపు అరవై ఏళ్ళు బానిసత్వంలోనే గడిపామని. నేల ఇవ్వలేదు గాని, ఎస్టేటు అమ్మిన సొమ్ములోంచి ఏడాదికి 12 పౌండ్లు మంజూరయ్యాయి.

దీన్ని దయ అనడానికి నాకు మనసొప్పదు. జకాత్ పేదవాడి హక్కు అని మనం పిల్లలకు నేర్పుతాం కదా. టోనీ అడిగింది కూడా హక్కే. నిజానికి ఆ కష్టానికి 12 పౌండ్లు ఏపాటి?

వారి కొడుకు డార్బీకి అప్పుడు ఆరేళ్ళు. భవంతికి వచ్చిన వాషింగ్టన్ పనిలో చేరమంటే, జీతమెంత అని ఆ పసివాడు అడిగాడని ఒక కథనం. పెద్దయ్యాక 1796లో బోస్టన్‌లోని నల్లజాతివారు ఆఫ్రికన్ సొసైటీ స్థాపించినప్పుడు డార్బీ, తమ్ముడు సైరస్ అందులో సభ్యులయ్యారు. చందాలు వేసుకుని జబ్బుపడ్డ సభ్యులను, చనిపోయినవారి భార్యాపిల్లలను ఆదుకునే సంఘమది. మన సంఘం రసీదు పుస్తకాలు చూసినవారికి ఆ పద్ధతి కొత్తేమీ కాదు.

డార్బీ 1861లో మరణించాడు. వాసల్ వంశస్థుల కోసం కట్టిన సమాధిలోనే ఆయన్నూ ఖననం చేశారు.