భజనలో వంతపాట - శ్వాస లయ

సాయంకాలమున గ్రామములోని రామమందిరమున భజన ఆరంభమగును. హార్మోనియము వాయించునతడు ఒక చరణము పాడును. చుట్టును కూర్చున్నవారు తాళములు, చిడతలు వాయించుచు దానినే తిరిగి పాడుదురు. కొంతసేపటికి మనస్సు కుదుటపడినట్లు అందరికిని తోచును. ఇందుకు కారణమేమి?

పాడుట యనగా ఊపిరిని మెల్లగా విడుచుటయే. విశ్రాంతిగా నున్న పెద్దలు నిమిషమునకు సుమారు 12 నుండి 18 సార్లు శ్వాసింతురు. ఒకరు పాడుచుండగా ఇతరులు విని, నిండుగా ఊపిరి తీసికొని, తమ వంతున దానిని చరణము పొడవునను విడుతురు. పాటకు 5 సెకనులు, వంతకు 5 సెకనులు పట్టినచో ఒక ఆవృత్తి 10 సెకనులగును. అనగా నిమిషమునకు 6 శ్వాసలు.

ఈ 10 సెకనులకు శరీరములో ఒక విశేషము కలదు. కంఠధమనులలోను, బృహద్ధమనిలోను రక్తపుపోటును కనిపెట్టు నాడీకొనలున్నవి. పోటు పెరిగినచో ఇవి మెదడునకు తెలుపగా గుండె నెమ్మదించును. ఈ సర్దుబాటు వలన రక్తపుపోటులో సుమారు 10 సెకనులకొక చిన్న అల లేచి పడుచుండును. శ్వాసయు ఆ లయకే వచ్చినచో, ఊయలను అదనెరిగి ఊపినట్లు ఆ అల బలపడును.

ఇటలీలో లూచియానో బెర్నార్డి, ఆయన సహచరులు 23 మందిని పరీక్షించి 2001లో ఫలితములు ప్రకటించిరి. కాథలిక్కుల జపమాల ప్రార్థనలో సగము గురువు చెప్పగా తక్కిన సగము సభ చెప్పుట ఆచారము. దానిని లాటినులో పఠించినను, బౌద్ధమంత్రమును జపించినను శ్వాస నిమిషమునకు దాదాపు 6 సార్లకు దిగెను. రక్తపుపోటును సర్దు శక్తియు మెరుగుపడెను. మతములు వేరైనను శరీరము చేసిన పని ఒక్కటియే. 2013లో స్వీడను పరిశోధకులు కలిసి పాడు యువజనులను పరిశీలింపగా, నెమ్మదైన పాటలో వారి గుండెల వేగము ఒకేసారి హెచ్చి ఒకేసారి తగ్గుట కనబడెను. అందరును ఒకే చోట ఊపిరి తీసికొనుటయే దీనికి మూలము.

అయినను ప్రతి భజనయు ఇట్లే పనిచేయునని తలపరాదు. చెక్కభజనలో అడుగులు వేగిరపడినకొలది శ్వాసయు, గుండెయు వేగిరపడును. అది ఉత్సాహమునిచ్చు వ్యాయామము. రక్తపుపోటుకు మందు వాడువారు దానిని మాని భజనపై ఆధారపడుట అపాయకరము.

ఈ విషయమును తరగతిలోనే పరీక్షింపవచ్చును. ఊరక కూర్చున్న విద్యార్థి శ్వాసలను పక్కవాడు నిమిషముపాటు లెక్కింపవలెను. పిమ్మట ఉపాధ్యాయుడు ఒక పద్యమును పాదము పాదముగా మెల్లగా చదువగా, విద్యార్థి వంత పలుకుచుండ మరల లెక్కింపవలెను. లెక్కించుచున్నారని తెలిసినచో శ్వాస మారును. కావున అతనికి ముందుగా చెప్పరాదు. రెండు సంఖ్యలను పక్కపక్కన వ్రాసి చూచినచో, వంతపాట చేయు పని కండ్లయెదుటనే తెలియగలదు.