బాబాయ్ చెరువులో సోలార్ పెట్టొచ్చా?

పోయిన ఉగాదికి ఏలూరు వెళ్లినప్పుడు బాబాయ్ నన్ను బండెక్కించుకుని ఆకివీడు అవతల ఉన్న చెరువు దగ్గరికి తీసుకెళ్లాడు. నాలుగెకరాలు. అలవాటు కొద్దీ చెరువంటున్నాం గానీ అందులో నీళ్లు లేవు, రొయ్యలు లేవు, చుట్టూ గట్టు మాత్రం ఉంది. అడుగు మట్టి ఎండి పెచ్చులుగా లేచింది. ఆ పెచ్చుల అంచులకి తెల్లటి పొడి. వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు.

“పాడైపోయిన భూముల్లో సోలార్ పెడితే గవర్నమెంటోళ్లు డబ్బులిస్తారంట గదరా. ఇంజనీరువి కదా, అదేంటో కనుక్కో” అన్నాడు.

నేను చేసేది హైదరాబాద్‌లో కూర్చుని యాప్‌లకి కోడ్ రాయడం. కానీ మన వైపు ఇంజనీరంటే ఫ్యాన్ రిపేరు దగ్గర్నుంచి రాకెట్ దాకా అన్నీ తెలిసినవాడే కదా. తెలీదంటే పరువు పోతుంది. సరే బాబాయ్ అన్నాను. ఆ ‘సరే’ నా రెండు నెలల వీకెండ్లు తినేసింది.

ఈ నేల ఎలా చచ్చింది

తాతయ్య టైంలో ఇది మాగాణి. సార్వా, దాళ్వా రెండు పంటలూ వరే. 90ల్లో అందరితో పాటు టైగర్ రొయ్య వేశారు. తెల్లమచ్చ వైరస్ వచ్చి తుడిచిపెట్టేసింది. కొన్నాళ్లు చేపలు. 2009లో మన దేశంలోకి వనామీ రొయ్య వచ్చాక, కొన్నేళ్లకి మళ్లీ రొయ్యలు. వనామీకి కొంచెం ఉప్పదనం కావాలి. దానికి సముద్రం దాకా వెళ్లక్కర్లేదు, బోరు వేస్తే చాలు, ఉప్పు నీళ్లే పడతాయి. అలా ఏళ్ల తరబడి తోడిన ఉప్పు నేలలోకి దిగిపోయింది. ఇంకోపక్క ఉప్పుటేరు మీదుగా సముద్రపు నీరు కొల్లేరు వైపు ఎగదన్నుతుంది. ఊళ్లో బోరు నీళ్లతో పిన్ని బట్టలు కూడా ఉతకదు. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్ కొనుక్కోవాల్సిందే.

ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. నా బీటెక్ ఫీజుల్లో సగం ఆ రొయ్యలే కట్టాయి. కాబట్టి ఆక్వాని తిట్టే అర్హత నాకు అంతగా లేదు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్లింది. అప్పటికే జబ్బులతో, మేత ధరలతో నలిగిపోయిన మా కౌలుదారు ఆ దెబ్బకి చేతులెత్తేశాడు. ఏడేళ్లు ఆ చెరువు చేసిన మనిషి. అతని ఏరేటర్లు ఇంకా గట్టు మీది షెడ్డులోనే తుప్పు పడుతున్నాయి.

మట్టిని కవర్‌లో కట్టి టెస్ట్‌కి ఇచ్చాను. ఈసీ 8.1 వచ్చింది. ఈసీ అంటే మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత. వరికి 3 దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. కొలిచే పద్ధతిని బట్టి అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ, 8 అంటే మాత్రం ఊడ్పుల సంగతి మర్చిపోవాలి.

ఎక్కడ ఇస్తున్నారు?

బాబాయ్ విన్న మాట అబద్ధం కాదు. ఇస్తున్నారు. కాకపోతే ఇక్కడ కాదు.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2018లో ఒక సోలార్ స్కీం పెట్టింది. అందులో కాలుష్యంతో పాడైన ఫ్యాక్టరీ స్థలంలో ప్యానెల్స్ పెడితే మామూలు రేటు మీద యూనిట్‌కి 3 సెంట్లు, చెత్త డంపింగ్ యార్డు మీద పెడితే 4 సెంట్లు అదనం. ఇంతకంటే నాకు నచ్చింది ఇంకో రూలు. పచ్చటి ఖాళీ నేల తీసుకుని పెడితే రేటులో కోత. మంచి నేల వాడితే ఫైన్, చెడ్డ నేల వాడితే బోనస్. లాజిక్ రెండు లైన్లు.

మనకి ఇంకా దగ్గరి కథ కాలిఫోర్నియాది. అక్కడి శాన్ వాకీన్ లోయలో కాలువ నీళ్లతో సాగు చేసీ చేసీ ఉప్పు తేలింది, దాంతో పాటు సెలీనియం అనే విష పదార్థం కూడా. ఆ మురుగు నీటిని కెస్టర్‌సన్ అనే చోట మడుగుల్లోకి వదిలారు. అది పక్షుల సంరక్షణ ప్రాంతం. 1983లో అక్కడ కళ్లు లేకుండా, ముక్కులు వంకర్లుగా పక్షి పిల్లలు పుట్టడం చూసి దేశమంతా ఉలిక్కిపడింది. ఇది చదువుతుంటే నాకు ఆటపాక కొంగలూ, గూడబాతులే కళ్ల ముందు మెదిలాయి.

అలా పాడైన పొలాల కోసం 2011లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. అక్కడ భూమిని సాగుకే వాడతానని రాసిచ్చిన రైతుకి పన్ను తక్కువ. మాట తప్పితే జరిమానా. కానీ ఉప్పుతోనో సెలీనియంతోనో పొలం పాడైపోయి, దాన్ని సోలార్‌కే వాడతానని రాసిస్తే ఆ జరిమానా సగం. ఖజానా నుంచి రూపాయి తీసి ఇవ్వలేదు, అడ్డం తీశారంతే. ఇప్పుడా లోయలో అలాంటి నేలల్లో వేల ఎకరాల్లో ప్యానెల్స్ ఉన్నాయి.

దక్షిణ కొరియా 2019లో ఇంకో అడుగు వేసింది. సముద్రాన్ని పూడ్చి చేసిన పొలాల్లో ఈసీ 5.5 దాటితే ఇరవై ఏళ్ల దాకా సోలార్ పెట్టుకోవచ్చంది. మా బాబాయ్ చెరువు కొరియాలో ఉండి ఉంటే మార్కులు ఎక్కువే వచ్చేవి!

మన దగ్గర ఏముంది?

తాడేపల్లిగూడెంలో నా బీటెక్ ఫ్రెండ్ ఒకడు ఇళ్ల మీద సోలార్ బిగించే పని చేస్తాడు. పీఎం సూర్యఘర్‌లో మూడు కిలోవాట్లకి ₹78,000 సబ్సిడీ వస్తోంది కాబట్టి చేతినిండా పని. వాడి షాపులో కూర్చుని ఇద్దరం షీట్ తయారు చేశాం.

ముందు కుసుమ్. 2019లో కేంద్రం తెచ్చిన స్కీం. అందులో ‘ఎ’ భాగం చదివి గంతేశాను. బంజరు, బీడు, చిత్తడి నేలలకి పెద్ద పీట, సబ్‌స్టేషన్‌కి ఐదు కిలోమీటర్ల లోపు ఉండాలి, రెండు మెగావాట్ల దాకా రైతే పెట్టుకోవచ్చు. మా చెరువుకి సబ్‌స్టేషన్ మూడు కిలోమీటర్లు. నాలుగెకరాలకి ఒక మెగావాట్ పడుతుంది. అన్నీ సెట్ అనుకున్నా.

“ప్రోత్సాహకం ఎవరికో చదివావా మావా?” అన్నాడు మా వాడు.

యూనిట్‌కి 40 పైసలు, లేదా మెగావాట్‌కి ఏడాదికి ₹6.6 లక్షలు, ఏది తక్కువైతే అది, ఐదేళ్లు. ఇచ్చేది కరెంటు కొనే డిస్కంకి. రైతుకి కాదు. రైతు తన డబ్బు పెట్టి ప్లాంట్ కట్టాలి, లేదా ఎవరికైనా కౌలుకి ఇవ్వాలి. మెగావాట్‌కి నాలుగు కోట్లు వేసుకున్నాం. బ్యాంకు 70 శాతం ఇచ్చినా బాబాయ్ కోటీ ఇరవై లక్షలు తేవాలి. ఉప్పు తేలిన నాలుగెకరాలు తాకట్టు పెట్టుకుని ఏ బ్యాంకు ఇస్తుంది?

సరే, కౌలు. 2024 అక్టోబరులో మన రాష్ట్రం క్లీన్ ఎనర్జీ పాలసీ తెచ్చింది. టార్గెట్ 160 గిగావాట్ల పైమాటే, పెట్టుబడి 10 లక్షల కోట్లు. ఆ పాలసీ కిందే 2025 ఏప్రిల్ 2న కనిగిరి దగ్గర రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంట్‌కి లోకేశ్ శంకుస్థాపన చేశారు. బీడు భూముల్లో గడ్డి పెంచి దాన్నుంచి గ్యాస్ తీస్తారు. ప్రభుత్వ భూమికి ఎకరాకి ఏడాదికి ₹15,000, రైతు భూమికి ₹31,000 కౌలు. ప్రకాశం మెట్టలో వాన కోసం చూసే రైతుకి అది మంచి డబ్బే. మా లెక్కలో అదే రేటు వేసుకుంటే నాలుగెకరాలకి ₹1.24 లక్షలు. మంచి రోజుల్లో ఇదే చెరువు ఎకరం లక్ష పలికింది, నిజమే. కానీ ఇప్పుడు పలికేది సున్నా.

ఒక డెవలపర్ కంపెనీలో పనిచేసే సీనియర్‌కి ఫోన్ చేశాను. ఆయన నవ్వి, చాలా ఓపిగ్గా చెప్పాడు. డెల్టా నల్లమట్టి మెత్తన, ప్యానెల్ కాళ్లు లోతుకి దించాలి. ఉప్పుకి ఇనుము తుప్పు పడుతుంది. వానాకాలం ముంపు. ముక్క చూస్తే నాలుగెకరాలు, పక్క ముక్క ఇంకొకరిది. “అదే కౌలుకి అనంతపురంలో గట్టి నేల, మంచి ఎండ, వందల ఎకరాలు ఒకచోట దొరుకుతాయి తమ్ముడూ. మీ దగ్గరికి ఎందుకొస్తాం?”

ఆయన తప్పేం లేదు. రేటు అన్నిచోట్లా ఒకటే అయినప్పుడు ఎవడైనా సులువైన నేలే ఎంచుకుంటాడు. చెడ్డ నేలకి అయ్యే అదనపు ఖర్చు ఎవరో ఒకరు భరిస్తే తప్ప లెక్క కుదరదు. మసాచుసెట్స్ ఆ 3 సెంట్లు ఇచ్చేది అందుకే.

మనకి ఇలా ఇవ్వడం చేతకాదా అంటే, ఆల్రెడీ ఒకసారి ఇచ్చాం. భీమవరం దగ్గర గొల్లవానితిప్పలో కాలువ మీద ఒక మెగావాట్ సోలార్ ప్లాంట్ ఉంది. కాలువల మీద కట్టడం ఖర్చెక్కువ, కానీ పొలం మిగులుతుంది. అందుకని 2014లో కేంద్రం మెగావాట్‌కి ₹3 కోట్లు లేదా ఖర్చులో 30 శాతం, ఏది తక్కువైతే అది ఇస్తానంది. నేల మిగిల్చినందుకు ఎక్కువిచ్చిన వాళ్లు, చచ్చిన నేల వాడినందుకు ఎందుకివ్వరు?

ఇంకో చిక్కు. మా చెరువు ‘పాడైన భూమి’ అని చెప్పే కాగితమే లేదు. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల మీద మొదటిసారి రూల్స్ తెచ్చింది. దేశంలో గుర్తించిన స్థలాలు 103, శుభ్రం చేసే పని మొదలైనవి 7. కానీ అవి ప్రమాదకర రసాయనాల కోసం. ఉప్పు ఆ లెక్కలోకి రాదు. మీభూమిలో చూస్తే మాది ఇప్పటికీ మాగాణి. అంటే కాగితం మీద వరి పండుతూనే ఉంది! మరోపక్క ఆక్వా కరెంటు యూనిట్‌కి ₹1.50కే ఇస్తామని 2019 నుంచి చెబుతూ వచ్చారు. నేలలో ఉప్పు నింపేటప్పుడు సబ్సిడీ ఉంది, నింపాక ఏం చెయ్యాలో లేదు.

అన్నీ ఒప్పుకోవాలి కదా

డబ్బిస్తే మాత్రం గొడవలుండవా? ఉంటాయి. ఉప్పు చూపిస్తే బోనస్ అంటే రేపు మంచి పొలంలో కూడా రాత్రికి రాత్రి బోరు తిప్పేవాళ్లుంటారు, మనవాళ్ల తెలివితేటలు తక్కువేం కాదు. కొరియా అందుకే 1990కి ముందు పూడ్చిన భూములకే అని గీత గీసింది. అయినా గొడవైంది. పైన వరి బాగానే పండుతుంటే కింద పొరలో ఉప్పు చూసి అనుమతులిస్తున్నారని అక్కడి కౌలు రైతులు రోడ్డెక్కారు. కౌలు కంటే సోలార్‌కి ఎక్కువొస్తే భూస్వామి ఎవరికిస్తాడు? గోదావరి డెల్టాలో సాగు చేసేది ఎక్కువగా కౌలు రైతులే. ఇక్కడా అదే జరుగుతుంది.

కొల్లేరు లోపల మాత్రం నాకు రెండో మాట లేదు. +5 కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లని 1999లో అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006 ఆపరేషన్ కొల్లేరులో చెరువు గట్లు పేల్చడం నేను చిన్నప్పుడు టీవీలో చూశాను. అక్కడ పాడైన చెరువుకి మందు ప్యానెల్ కాదు, గట్టు కొట్టేసి నీళ్లని తిరగనివ్వడమే. తేలే సోలార్ అంటూ ఎవరైనా పవర్‌పాయింట్ పట్టుకొస్తే ముందే వద్దనాలి. నేను మాట్లాడేది గీత బయట, వరి పోయి, రొయ్య కూడా పోయిన ముక్కల గురించి.

మే నెలాఖరున మళ్లీ వెళ్లాను. షీట్ ఫోన్లో చూపిస్తుంటే పాత కౌలుదారు కూడా అక్కడే ఉన్నాడు. ఇప్పుడు ఎవరిదో చెరువు దగ్గర రాత్రి కాపలా పని చేస్తున్నాడు. అంతా విని, “బాగానే ఉందండి. మరి అందులో నాకేటుంటదండి?” అన్నాడు.

నా షీట్‌లో పదకొండు కాలమ్స్ ఉన్నాయి. అతనికి ఒక్కటీ లేదు.

కాలువ వదిలాక రెండుసార్లు మంచినీళ్లు పెట్టి కడిగి, శీలావతి, బొచ్చె వేసి చూస్తానని అతని ఆలోచన. ఒక్క ఏడాదికి ఇమ్మంటున్నాడు. బాబాయ్ నా వైపు తిరిగి, “సోలారోళ్లు వస్తారా రారా, అది చెప్పు. రారంటే ఇతనికిచ్చేస్తా” అన్నాడు.

“ఇచ్చెయ్ బాబాయ్” అన్నాను.

ఎకరం పాతిక వేలకి మాట్లాడుకున్నారు. కనిగిరి కౌలు కంటే ఆరు వేలు తక్కువ. అడ్వాన్స్ లేదు, చేపలు పట్టాక ఇస్తాడు.