సెర్చ్ బాక్స్‌కి "లేదు" అనడం ఎందుకు రాదు?

ఈ ఎపిసోడ్ మా అమ్మ మిక్సీ వల్ల వచ్చింది.

మిక్సీ జార్ అడుగున పళ్లు పళ్లుగా చిన్న చక్రం ఉంటుంది కదా, కప్లర్ అంటారు. మా ఇంట్లో అది అరిగిపోయింది. అమ్మ ఒక షాపింగ్ యాప్ తెరిచి కంపెనీ పేరు, మోడల్ నంబరు, జార్ కప్లర్ అని అన్నీ శ్రద్ధగా టైప్ చేసింది. ఏం వచ్చాయి? పైన నాలుగు కొత్త మిక్సీలు. తర్వాత వేరే కంపెనీ జార్లు. మధ్యలో ఒక జ్యూసర్. ఎక్కడో కింద కొన్ని కప్లర్లు ఉన్నాయి, కానీ ఏ మోడల్‌కి సరిపోతాయో రాసి లేదు. ఫోటోలో ఒకేలా ఉందని ఒకటి తెప్పించింది, కూర్చోలేదు. ఇంకోటి తెప్పించింది, అదీ అంతే. మూడు వారాలు పచ్చళ్లన్నీ రోట్లోనే, అదీ మోకాళ్ల నొప్పులతో. చివరికి "నాకే ఫోన్ వాడ్డం రావట్లేదేమో నాన్నా" అంది.

నాకు అక్కడ గుచ్చుకుంది. ఎందుకంటే వీడియోల్లోకి రాకముందు నేను ఒక ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలో సెర్చ్ కోడ్ రాశాను. తప్పు అమ్మది కాదని నాకు తెలుసు.

పాత కప్లర్ జేబులో వేసుకుని వీధి చివర రిపేర్ షాపుకి వెళ్లా. ఆయన దాన్ని రెండు వేళ్లతో తిప్పి చూసి, "ఇది మన దగ్గర లేదు బాబూ, బస్టాండ్ పక్క సందులో అడుగు" అన్నాడు. అక్కడ దొరికింది, 40 రూపాయలు. ఆయన నాకు ఏమీ అమ్మలేదు, కానీ పని అయింది. యాప్ ఆ "లేదు" అనే మాట ఎందుకు అనదో ఇప్పుడు చూద్దాం.

సెర్చ్ అంటే ప్రాథమికంగా పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిది. ఏ పదం ఏ పేజీలో ఉందో అక్కడ ఉన్నట్టే, ఏ పదం ఏ వస్తువు వివరాల్లో ఉందో ఇక్కడ ముందే రాసి పెట్టుకుంటారు. 1999లో డగ్ కటింగ్ రాసిన లూసీన్ చేసేది ఇదే. దాని మీద కట్టిన ఎలాస్టిక్‌సెర్చ్‌ని ఇవాళ్టికీ బోలెడు కంపెనీలు వాడుతున్నాయి.

మీరు ఐదు పదాలు కొట్టారనుకోండి. ఐదూ ఉన్న వస్తువులే చూపించమంటే చాలాసార్లు సున్నా వస్తుంది. మా టీమ్‌లో అందరూ భయపడేది ఆ సున్నాకే. ఖాళీ పేజీ చూసిన మనిషి యాప్ మూసేస్తాడు. అందుకని ఒక పదం వదిలేసి మళ్లీ వెతకమని రాస్తాం. ఏ పదం వదిలేస్తాం? దేనికీ దొరకనిదాన్ని. అమ్మ విషయంలో అది మోడల్ నంబరు! ఏ సెల్లరూ రాయలేదు కాబట్టి అదే ముందు ఎగిరిపోయింది. అసలు అవసరమైన ముక్క అదే. పైగా వదిలేశామని చెప్పం కూడా.

ఇప్పుడు కొత్త పద్ధతి ఉంది, వెక్టర్ సెర్చ్. మీ మాటని అంకెల వరుసగా మార్చి, దానికి దగ్గరగా ఉన్న వస్తువుల్ని తెస్తుంది. ఇది మంచిదే, కాదనను. గుంత పొంగనాల పెనం అని వెతికితే, సెల్లర్ "పణియారం పాన్" అనో "అప్పే పాత్ర" అనో రాసినా పట్టుకునే అవకాశం ఉంది. పదసూచిక ఒక్కదాని వల్ల అది కాదు, ఆ పేర్లన్నీ ఒకటేనని ఎవరో కూర్చుని చెప్పాలి. కానీ చిక్కేంటంటే, దగ్గరగా ఉన్నది ఏది అని అడిగితే ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. ఇంతకంటే దూరమైతే చూపించకు అని గీత గీయాల్సింది మనుషులే. ఆ గీత గీస్తే మళ్లీ ఖాళీ పేజీ భయం.

ఫోన్ అని కొట్టి తక్కువ ధర ముందు పెట్టమంటే వెనక కవర్లు, గ్లాసులు వస్తాయి చూడండి, అదీ ఈ కుటుంబమే. పదం వాటిలోనూ ఉంది. అంతవరకూ అట్టడుగున ఉన్నవాటిని ధర పైకి తెచ్చేసింది.

ఇక ప్రకటనలు. పైన వచ్చిన ఆ కొత్త మిక్సీల్లో రెండింటి మూల "స్పాన్సర్డ్" అని సన్నగా రాసి ఉంది. అమెజాన్‌కి 2023లో ప్రకటనల మీద వచ్చిన ఆదాయం దాదాపు 4,690 కోట్ల డాలర్లు. పనికిరాని ప్రకటనలతో సెర్చ్‌ని పాడు చేస్తోందని అదే ఏడాది సెప్టెంబర్‌లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన దావాలో ఒక ఆరోపణ. కంపెనీ ఒప్పుకోలేదు. మన దగ్గర 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, వస్తువుల్ని ఏ లెక్కన పైకీ కిందకీ పెడతారో మార్కెట్‌ప్లేస్‌లు తేలిక మాటల్లో చెప్పాలి. ఆ పేజీ ఎప్పుడైనా చదివారా? నేనూ ఈ ఎపిసోడ్ కోసమే చదివా. ధర, రేటింగ్, అమ్మకాలు లాంటివి చూస్తాం అని ఉంటుంది, మీ ముందున్న జ్యూసర్ ఎందుకొచ్చిందో మాత్రం అర్థం కాదు.

ఇది చేయలేని పని అయితే నాకింత కోపం రాదు. ఈబేలో కారు విడిభాగాలు కొనేటప్పుడు బండి ఏ సంవత్సరంది, ఏ మోడల్ అని ఇస్తే, సరిపోతుందో లేదో చెబుతుంది. అక్కడ వద్దనుకున్న పదం ముందు మైనస్ గుర్తు పెడితే అవి తీసేస్తుంది కూడా. అమెరికాలో ఉన్నవాళ్లు వాడి చూడండి. నేను ప్రయత్నించిన మన యాప్‌లలో ఆ మైనస్‌ని పట్టించుకున్నది ఒక్కటీ లేదు. కప్లర్‌కి కూడా "ఈ మోడల్స్‌కి సరిపోతుంది" అని సెల్లర్ తప్పక నింపాల్సిన ఒక గడి పెడితే చాలు. కొత్త మిక్సీ అమ్మితే వచ్చేది 40 రూపాయల ముక్కకి రాదు, ఆ గడి ఎవరు పెడతారు?

అప్పటిదాకా మనం చేయగలిగింది: ముందు విడిభాగాల విభాగంలోకి వెళ్లి, తర్వాత రెండే పదాలు కొట్టండి. ఫిల్టర్లు ఎక్కువ నొక్కకండి, సెల్లర్ ఆ వివరం ఖాళీగా వదిలేస్తే సరైన వస్తువు కూడా మాయమవుతుంది. గూగుల్‌లో "సైట్", కోలన్ పెట్టి ఆ షాపు వెబ్ అడ్రస్, పక్కన కోట్స్‌లో మోడల్ నంబరు ఇంగ్లీషులో కొట్టి చూడండి. చాలాసార్లు ఆ యాప్ సొంత సెర్చ్ కంటే నయం. కొనేముందు సెల్లర్‌ని ప్రశ్న అడిగే చోటు ఉంటే అడగండి.

ఇంకోటి, మీ మిక్సీని తిరగేసి అడుగున స్టిక్కర్ మీద మోడల్ నంబరు ఇంకా కనిపిస్తుంటే ఇప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి. మా అమ్మ తుడిచి తుడిచి మా దాంట్లో చివరి రెండంకెలు ఇప్పటికే పోయాయి.